హవ్రిలో అంత్యక్రియలకు హవ్రిలో వచ్చాడు

ఒకే మనిషి పెళ్ళికీ, చావుకీ ఒకే వారంలో వంట చేసిన ఆడది ఈ మనంగహేలా నది ఒడ్డున నేనొక్కతినే. రెండు భోజనాల్లోనూ అందరికంటే ఎక్కువ తిన్నది ఆ మనిషే.

నా పేరు ఫెన్నా. ఉక్కు మిల్లు గేటుకి రెండు వీధుల అవతల పూటకూళ్ళ ఇల్లు నడుపుతాను. పేరుకి మా ఆయన లుకాచ్‌ది గానీ, తెల్లారి లేచి రొట్టెలు కాల్చేదీ, మసిచొక్కాలు ఉతికేదీ నేనే కాబట్టి నాది అనే అంటాను. మా ఇంట్లో పద్నాలుగు మంది కుర్రాళ్ళు, ఏడు మంచాలు. లెక్క తప్పనుకోకండి. ఏడుగురు పగలు మిల్లుకి వెళితే ఏడుగురు రాత్రి వెళతారు. ఒకడు లేచిన పక్క చల్లారకముందే ఇంకొకడొచ్చి అందులో పడతాడు. అందరూ సముద్రం అవతల మా కార్పాతియన్ కొండల్లో నాలుగైదు ఊళ్ళవాళ్ళే. నన్ను వదినా అంటారు. నేను వాళ్ళని ఏమంటానో అది ఆ పూట వాళ్ళు బూట్లు గుమ్మం బయట విప్పారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ కుర్రాళ్ళలో హవ్రిలో అనేవాడిది మూడేళ్ళుగా గంగాళం దగ్గర పని. కరిగిన ఉక్కుని అచ్చుల్లోకి పోసే ఆ గంగాళం మా వంటిల్లంత ఉంటుంది. దాని మేస్త్రీ మెక్‌గ్లేడ్ ఐర్లండు మనిషి. వాళ్ళ తాత కూడా మాలాగే మూట నెత్తిన పెట్టుకుని ఓడ దిగినవాడే, కానీ ఆ ముక్క ఎత్తితే ముక్కు ఇంకా ఎర్రబడుతుంది. మా వాళ్ళందర్నీ జానీ అనే పిలుస్తాడు. పేరు పలకడం రాదు, నేర్చుకోడు. జానీలెక్కువై గజిబిజి అయితే మెడలో ఉన్న ఇత్తడి బిళ్ళ మీద నంబరు చూస్తాడు. హవ్రిలో నంబరు పదకొండు వందల నలభై ఏడు.

ఆ శరదృతువులో హవ్రిలో కోసం తెక్లా ఓడ దిగింది. పక్క ఊరి పిల్ల, చిన్నప్పటినుంచీ అనుకున్న సంబంధం. చూడ్డానికి పిచ్చుకలా ఉంటుంది గానీ నోరు విప్పితే మా లుకాచ్ కూడా లేచి బయటికి పోతాడు. వచ్చిన వారానికే చిక్కొచ్చిపడింది. క్రిస్మస్ ముందు ఉపవాసాలు మొదలైతే మా గుడిలో పెళ్ళిళ్ళు చెయ్యరు. అవి ముగిసేదాకా, అంటే దాదాపు రెండు నెలలు, ఆ పిల్లని పద్నాలుగు మంది మగాళ్ళున్న ఇంట్లో ఉంచడానికి ఫాదర్ ససేమిరా అన్నారు. ఆయన ఐదు ఊళ్ళ గుళ్ళు ఒక్కడే చూసుకుంటారు, మా ఊరికి నెలకోసారి వస్తారు. ఉపవాసాలకి ముందు ఆయన వచ్చే ఆదివారం ఇక ఒక్కటే మిగిలింది.

ఆ ఆదివారమే హవ్రిలోకి జోడు షిఫ్టు పడింది. పదిహేను రోజులకోసారి పగటివాళ్ళు రాత్రికీ, రాత్రివాళ్ళు పగటికీ మారేటప్పుడు ఒక జట్టు ఇరవై నాలుగ్గంటలూ నిలబడే పనిచెయ్యాలి, రెండో జట్టుకి ఆ రోజు సెలవు. పదిహేను రోజులకి ఆ ఒక్కరోజే వాళ్ళు ఎండ మొహం చూసేది.

నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినదాన్ని కాబట్టి నేనే హవ్రిలోని వెంటబెట్టుకుని మెక్‌గ్లేడ్ దగ్గరికి వెళ్ళాను. పెళ్ళి, ఒక్కరోజు సెలవివ్వమన్నాను. ఆయన హవ్రిలో వైపు చూడనైనా చూడకుండా, ఆదివారం పదకొండు వందల నలభై ఏడు గంగాళం దగ్గర లేకపోతే సోమవారం నుంచి ఈ నది మీద ఏ మిల్లు గేటు దగ్గరా నిలబడక్కర్లేదన్నాడు. ఉత్తి బెదిరింపు కాదది. ఒక మిల్లు తీసేసినవాడి పేరు చీటీ రాసి మిగతా మిల్లులన్నిటికీ పంపిస్తారు. అలాంటి చీటీ ఎక్కినవాడు మళ్ళీ ఓడెక్కాలి, లేదా మట్టి తవ్వుకోవాలి.

ఇంటికొచ్చాక అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఒనుఫెర్ రొట్టె నములుతూనే నోరు తెరిచాడు. ఒనుఫెర్ రెండో జట్టువాడు, ఆదివారం సెలవు వాడిది.

"వదినా, ఆ బిళ్ళ నా మెడలో వేసుకుని నేను పోతే?"

నాకు నవ్వాగలేదు. హవ్రిలో తాడిచెట్టు, ఒనుఫెర్ వాడి భుజం దాటడు. ఒకడి మీసం నలుపు, ఇంకొకడిది గుర్రం తోకలా ఎరుపు. మా ఊళ్ళో అయితే గుడ్డి ముసలమ్మ కూడా ఎవడెవడో చెప్పేస్తుంది.

"వాడు చూసేది బిళ్ళనే కదా, మొహాన్నా ఏంటి?" అన్నాడు ఒనుఫెర్.

నిజమే. ఆదివారం పొద్దున్నే ఆ పొట్టివాడు హవ్రిలో బిళ్ళ మెడలో వేసుకుని వెళ్ళాడు. మెక్‌గ్లేడ్ బిళ్ళ చూశాడు, గుడ్ జానీ అన్నాడు, అయిపోయింది. గేటు దగ్గర నిలబడి చూసిన నాకు కాళ్ళు గాల్లో తేలాయి. ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వచ్చాను, నా వయసు ముప్ఫై ఎనిమిది.

పెళ్ళి ఎలా జరిగిందనుకున్నారు! ఏడు మంచాలూ పెరట్లో పడేశాం. మూడు బానల క్యాబేజీ చుట్టలు, రెండు పందికాళ్ళ కూర, బీరు పీపాలు ఎన్నో నన్నడక్కండి. ఊరేగింపు గుడికి పోయే దారి మిల్లు కంచె పక్కనుంచే. ఫిడేలువాడు కావాలనే అక్కడ ఆగి ఒక దరువు ఎక్కువ వాయించాడు. లోపల చెమటలు కక్కుతున్న మావాళ్ళు వింటారు పాపం అని. ఆ దరువే మా కొంప ముంచింది.

మధ్యాహ్నం దాటింది. పెళ్ళయిపోయింది, ఇల్లంతా గంతులు. పూలకిరీటంతో ఉన్న తెక్లాని ఒక్కొక్కరూ తిప్పుతున్నారు. చూద్దునుగదా, ఆమెను తిప్పుతున్నవాళ్ళలో ఒకడు మసిచొక్కాలో ఉన్నాడు. ఎర్రమీసం. వాడి చెవి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను.

"గంగాళం దగ్గరుండాల్సినోడివి, ఇక్కడేం చేస్తున్నావురా?"

"ఒక్క ఆటాడి పోతా వదినా. ఫిడేలు వినబడితే కాళ్ళు ఆగలా. మిల్లు చిట్టెం పారబోసే గుట్ట వెనకనించి నది ఒడ్డునే వచ్చేశా, ఎవడూ చూళ్ళా."

"నువ్వు లేవని చూడరట్రా?"

"కోటు పెట్టొచ్చాగా" అన్నాడు, నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్టు. "గంగాళం పక్కన కమ్మీకి కోటు తగిలించా, దాని మీద బిళ్ళ పెట్టా. నా చోటు ఎవడు తీసుకుంటాడు?"

మా కొండల్లో కోతలప్పుడు కొడవలి పట్టినవాడు నీళ్ళకి పోవాలంటే, పొడుగు కొడవలిని మడిలో గుచ్చి దానికి కోటు తగిలించి పోతాడు. ఆ వరుస వాడిది, వాడు వస్తున్నాడు అని దానర్థం. భూస్వామి కూడా ఆ కోటుని ముట్టడు. వెయ్యేళ్ళుగా నడుస్తున్న మర్యాద. కానీ కరిగిన ఉక్కు మీదికి వంగి ఉన్న కమ్మీకి కోటూ బిళ్ళా వేలాడుతూ, మనిషి మాత్రం కనిపించకపోతే మిల్లులో దానికి ఇంకొక అర్థం ఉందని ఆ ఎర్రమీసంగాడికి తట్టలేదు. నాకు తట్టింది.

వాణ్ణి వెనక దారిన తోసేసేలోపే వీధి తలుపు తట్టారు. తీసింది ఎవరనుకున్నారు, పెళ్ళికొడుకే. చేతిలో బీరు కూజా. గుమ్మంలో మెక్‌గ్లేడూ, పక్కన కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన నల్లకోటు చిన్నదొరా. ఇద్దరి టోపీలూ చేతుల్లో ఉన్నాయి. మెక్‌గ్లేడ్ హవ్రిలో మొహంలోకి చూస్తూ ఇంగ్లీషులో చెప్పాడు, పదకొండు వందల నలభై ఏడు గంగాళంలో పడి చనిపోయాడు, వాడి మనుషులెవరు అని. హవ్రిలోకి అర్థం కాలేదు. అతిథులని రమ్మని, ఇద్దరికీ చెరో గ్లాసు పోశాడు.

నేను అడ్డం పడి సంగతి మా భాషలో చెప్పాను. గంతులేసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఫిడేలువాడొక్కడే, కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు కాబట్టి, వాయిస్తూనే ఉన్నాడు. చిన్నదొర ఆ ఫిడేలునీ, ఆ కిరీటాన్నీ, ఆ పందికాళ్ళనీ చూసి బిత్తరపోయాడు. మెక్‌గ్లేడ్ ఆయన చెవిలో, వీళ్ళకి కబురు ముందే అందినట్టుంది, ఈ జనం చావుకి ఇలాగే చేసుకుంటారు అని చెప్పాడు. నేను పెళ్ళికి సెలవడిగిన సంగతే గుర్తులేనట్టు, సర్వం తెలిసినట్టు చెప్పాడు.

నిజం చెప్పొచ్చు కదా అంటారు. చెబితే ఒకడి బదులు ఒకడు వెళ్ళినందుకు హవ్రిలో, ఒనుఫెర్ ఇద్దరి పేర్లూ చీటీకెక్కుతాయి. పెళ్ళయిన రోజునే హవ్రిలో బతుకు రోడ్డున పడుతుంది, నిన్నగాక మొన్న ఓడ దిగిన పిల్లని వెంటబెట్టుకుని. చెప్పకపోతే వాడు చచ్చినవాడు. చచ్చినవాడికి పోయే ఉద్యోగం ఉండదు. పైగా కొత్త మనిషిగా మళ్ళీ చేరొచ్చు, అదిగో ఆ ఎర్రముక్కోడు వీణ్ణి గుర్తుపట్టనంతకాలం. ఇదంతా నా బుర్రలో గ్లాసెడు బీరు తాగే లోపల తిరిగింది.

ఈలోగా మా లుకాచ్ నవ్వాపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఇంకో క్షణం ఆగితే ఇల్లంతా పగలబడేది. అందుకని నేను జుట్టు విరబోసుకుని శోకాలు మొదలుపెట్టాను. మా వైపు పోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తూ రాగం తీసి ఏడుస్తారు.

"ఓరి హవ్రిలో, పూటకి పన్నెండు చుట్టలు మింగేవాడివి కదరా, ఇక నా బానలు ఎవడు ఖాళీ చేస్తాడ్రా! ఎదురుగా నిలబడినా ఈ ఎర్రముక్కోడు నిన్ను చూళ్ళేదు కదరా!"

ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఒకావిడ మెక్‌గ్లేడ్ ముక్కు మీద, ఇంకొకావిడ ఆయన నడక మీద రాగం తీసింది. ఆయన తల వంచుకుని అన్నీ భక్తిగా విన్నాడు. నవ్వు ఆగక వెక్కిళ్ళొస్తున్నవాళ్ళని చూసి చిన్నదొర కళ్ళు తుడుచుకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. నేను మళ్ళీ రాగం ఎత్తుకున్నాను, హవ్రిలో అనబోతే నోట్లోంచి ఇల్కో అని వచ్చింది. ఇల్కో నా తమ్ముడు. నాలుగేళ్ళ కిందట అదే గంగాళం. వాడు లేడని వీళ్ళు గమనించేసరికి ఆ ఉక్కు పట్టాలై, రైలెక్కి ఎటో వెళ్ళిపోయింది. పాతిపెట్టడానికి నాకు ఒక బొత్తాం కూడా మిగల్లేదు. అప్పుడు కూడా ఇలాంటి నల్లకోటే ఒక కాగితం తెచ్చింది, నేను సంతకం బదులు శిలువ గుర్తు పెట్టాను. ఏం రాసుందో చదివి చెప్పమని అడగాలని కూడా తెలియలేదు. ఇంగ్లీషు నేర్చుకున్నది ఆ తర్వాతే. అంతే, నా శోకం నిజం శోకమైపోయింది. ఇంక ఆపడం నా చేతిలో లేదు. తెక్లాయే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

చిన్నదొర సరిగ్గా అలాంటి కాగితమే జేబులోంచి తీసి, భార్య ఎవరని అడిగాడు. తెక్లా ముందుకొచ్చింది. చదివి చెప్పాను. మృతుడు తన అజాగ్రత్త వల్లే చనిపోయాడు, కంపెనీ తప్పు లేదు, భార్య ఒప్పుకుంటోంది.

తెక్లా కిరీటం సర్దుకుని, ఆ నల్లకోటు కళ్ళలోకి చూసి మాట్లాడింది.

"ఈయన నాకు పొద్దుటినుంచీ మొగుడు. ఇప్పటిదాకా ఒక్క తప్పు చెయ్యలా. చేసినప్పుడు నేనే చెప్తా, కాయితాలు అక్కర్లా. గుర్తు పెట్టనని చెప్పు అక్కా."

వెనక కూజా పట్టుకున్న మొగుడు ఛాతీ ఉబ్బించాడు. నేను సగం మింగేసి, పెట్టదట అని మాత్రం చెప్పాను. చిన్నదొర బతిమాలాడు, గదమాయించాడు. దుఃఖంలో మతి చలించింది, తర్వాత చూద్దాం అని మెక్‌గ్లేడే ఆయన్ని బయటికి తీసుకుపోయాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, ఆ గంగాళం ఉక్కు పక్కన పోయించాననీ, అందులోంచి ఒక దిమ్మ పంపిస్తాననీ, పూడ్చుకోమనీ నాతో మెల్లిగా అన్నాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక నవ్వారు మావాళ్ళు, గోడలు అదిరేలా, నేలమీద దొర్లి నవ్వారు. నేను కూడా నవ్వాను, మొహం కడుక్కుని వచ్చి.

మధ్యాహ్నం నుంచీ తెల్లార్లూ ఒనుఫెర్ చచ్చాడనుకుని ఏడుస్తూ పనిచేసిన మా గంగాళం జట్టు, సోమవారం పొద్దున్న ఇంటికొచ్చి వాడు రొట్టె తినడం చూసి ముందు ముద్దులు పెట్టుకున్నారు, తర్వాత వీపు వాయగొట్టారు. మంగళవారం హవ్రిలో మిల్లు గేటు దగ్గర కొత్తవాళ్ళ వరుసలో నిలబడ్డాడు. గంగాళం దగ్గర ఒక ఖాళీ ఉందన్నారు. తను చచ్చి ఖాళీ చేసిన చోటే. పేరేమిటని అడిగి, వాడు నోరు తెరిచేలోపే జానీ అని రాసుకుని కొత్త బిళ్ళ ఇచ్చారట. ఆ పూట వాడు ఇంటికొచ్చి ఆ గుమాస్తాని అనుకరించి చూపిస్తే నవ్వి నవ్వి తిండి తినలేకపోయాం.

బుధవారం మధ్యాహ్నం మెక్‌గ్లేడ్ మాట నిలబెట్టుకున్నాడు. బండి మీద ఉక్కు దిమ్మ వచ్చింది. చిన్న చేతిపెట్టంత ఉంది. మోయడానికి ఎనిమిది మందిని మిల్లు నుంచి గంటసేపు వదిలారు, అందులో హవ్రిలో ఒకడు. గుట్ట ఎక్కుతుంటే రొప్పుతూ, "నేనింత బరువుంటానని నాకు తెలీదు వదినా" అన్నాడు. ఇంకొకడు, "చుట్టలు తగ్గించమంటే విన్నావా?" అన్నాడు. దిమ్మ పక్కకి ఒరిగింది. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు కింద పెట్టారు. వెనక టోపీ చేతపట్టుకుని నడుస్తున్న మెక్‌గ్లేడ్ అది దుఃఖం అనుకున్నాడు.

చిక్కు ఫాదర్‌తో వచ్చింది. ఈ పని కోసమే పక్క ఊరినుంచి వచ్చిన ఆయనకి ఆదివారం తను పెళ్ళి చేసిన పెళ్ళికొడుకు దిమ్మ మోస్తూ ఎదురుగా కనిపించాడు. నన్ను పక్కకి పిలిచి, బతికున్నవాడి పేరు మీద చావు ప్రార్థన చదవడం తన వల్ల కాదన్నారు. నేనప్పటిదాకా ఏమీ అనుకోలేదు. నోరే తనంతట తాను తెరుచుకుంది.

"ఇల్కో పేరు చదవండి ఫాదర్. మా తమ్ముడు. వాడికెవరూ చదవలేదు."

ఆయన తలూపారు. మా గుడి భాషలో, గొంతెత్తి, ఇల్కో పేరు మూడుసార్లు చదివారు. ఆ మూడోసారి దిమ్మ మోసినవాళ్ళలో ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు. హవ్రిలో స్వయంగా పార పట్టి మట్టి కప్పాడు. నాలుగేళ్ళ తర్వాత నా తమ్ముడికి ఒక చోటు దొరికింది. నా గుండెల్లో బరువు దిగి, మళ్ళీ పిచ్చి సంతోషమేదో ఎక్కింది.

అప్పుడు మెక్‌గ్లేడ్ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. మంచి పనివాడు, ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు అన్నాడు. టోపీ అంచు నలుపుతూ ఇంకేదో చెప్పాలని చూశాడు, చివరికి చెప్పాడు.

"ఆదివారం నుంచీ గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను. మూడేళ్ళు నా కళ్ళముందే ఉన్నాడు. మొహం రావట్లేదు. ఎలా ఉండేవాడు?"

నాలుగడుగుల దూరంలో హవ్రిలో పార ఆపాడు. "ఏమంటున్నాడు వదినా?" అనడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. నాలుగు రోజులుగా నా వృత్తి అదే. ఎందుకో ఆ ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

హవ్రిలో పార కింద పెట్టాడు. టోపీ తీశాడు. వచ్చి మెక్‌గ్లేడ్ ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలబడి, మొహం పైకెత్తాడు. తెక్లా గోళ్ళు నా మణికట్టులో దిగాయి. గుర్తుపడితే ఉద్యోగం, ఇల్లు, నది పొడుగునా ఉన్న మిల్లులన్నీ పోయినట్టే. ఆ వెధవకి ఏం పట్టిందో అని నాలో నేను తిట్టుకుంటున్నాను గానీ కదల్లేకపోయాను.

మెక్‌గ్లేడ్ చూశాడు. నుదురు చూశాడు, నల్లమీసం చూశాడు, దవడ మీద కాలిన మచ్చ చూశాడు. పోయిన చలికాలంలో నిప్పురవ్వ పడినప్పుడు ఆ మచ్చకి నూనె రాసింది ఆయనే. చూసి, తలూపి, భుజం తట్టాడు.

"నువ్వు కొత్తగా చేరినవాడివి కదూ, జానీ. వాడెవడో తెలియకపోయినా వచ్చావు. మంచివాడివి."

టోపీ పెట్టుకుని గుట్ట దిగి వెళ్ళిపోయాడు. గండం గడిచింది. ఇప్పుడు పగలబడతారు అనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. మెక్‌గ్లేడ్ మిల్లు గేటు దాటేదాకా హవ్రిలో అలాగే నిలబడి, నా వైపు తిరిగాడు.

"నన్ను గుర్తుపట్టాడా వదినా?"

లేదని చెప్పాను. వాడికి పెళ్ళాన్నీ, పనినీ, పూటకి పన్నెండు చుట్టల్నీ మిగిల్చిన మాట అది. వాడు సరేనన్నాడు. టోపీ చేతిలోనే ఉంచుకుని, పెట్టుకోవడం మర్చిపోయి, ఆ చలిలో మిల్లుదాకా బోడితలతోనే నడిచాడు.